బాము రాసిన సాయంత్రం

మొన్న ఆదివారం మా అమ్మాయి ఇంగ్లండు నుంచి ఫోన్ చేసింది. "నాన్నా, ఇక్కడ 26 డిగ్రీలు. వీధిలో ఒక్కరూ ఇంట్లో లేరు. పెరట్లో దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. గ్లోరియస్, గ్లోరియస్ అని ఒకటే సంబరం" అంది. ఇక్కడ నరసరావుపేటలో నేను తడి తువ్వాలు నెత్తినేసుకుని, ఇన్వర్టరు ఇంకెంతసేపు లాగుతుందోనని ఫ్యాను వంక చూస్తున్నాను. మాకు 43. ఇద్దరికీ ఒకడే సూర్యుడు. ఆయన అక్కడికి వెళ్తే కొత్తల్లుడి మర్యాద, ఇక్కడికొస్తే అప్పులవాడికి జరిగే మర్యాద.

రండి, ఆ కుర్చీ ఇటు లాక్కోండి. మజ్జిగ తెస్తున్నారు. ఇవాళ మన కబుర్లు ఇంగ్లీషువాళ్ళ మెచ్చుకోలు మాటల మీద. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. 'వెరీ మార్వెలస్' అని రాసిన కాగితాల మీద ఎర్ర సిరాతో ఎన్ని సున్నాలు చుట్టానో లెక్కలేదు. నైసుకి ముందు వెరీ పెట్టుకోవచ్చురా, మార్వెలస్, గార్జియస్, స్ప్లెండిడ్ లాంటివి అప్పటికే కొండెక్కి కూర్చున్న మాటలు, వాటిని వెరీతో ఇంకా పైకి తొయ్యలేం, కావాలంటే యాబ్సల్యూట్లీ అను, అని అరిచేవాణ్ణి. పిల్లలు తలూపేవాళ్ళు. మర్నాడు 'వెరీ గార్జియస్' అని రాసుకొచ్చేవాళ్ళు. ఇంత పాఠం చెప్పినవాడికి ఆ మాటలు ఏ గాలికి మొలిచాయో మాత్రం తెలీదు. రిటైరయ్యాక అమ్మాయి దగ్గర ఐదు నెలలు ఉండి వచ్చాకే తెలిసింది.

లీడ్స్ పక్కన వాళ్ళ ఊరు. మేం దిగింది ఏప్రిల్లో. మర్నాడు పొద్దున పెరట్లో నించున్నాను. లోపల బనీను, దాని మీద చొక్కా, స్వెటరు, మా అల్లుడి కోటు. కంచె అవతల ఎనభై ఏళ్ళ పెద్దాయన పొట్టిచేతుల చొక్కాతో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూసి "లవ్లీ డే" అన్నాడు. నేను ఆకాశం వంక చూశాను. 14 డిగ్రీలు, అక్కడో మబ్బు, ఇక్కడో మబ్బు. మేష్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? "కొంచెం చలిగానే ఉందండీ" అని ఇంగ్లీషులో దిద్దాను. ఆయన పాపం ఏదో తప్పు చేసినట్టు మొహం పెట్టి, నీళ్ళ గొట్టం చుట్టుకుని లోపలికి పోయాడు.

సాయంత్రం మా అమ్మాయి క్లాసు పీకింది. "అది ప్రశ్న కాదు నాన్నా, పలకరింపు. అవునని ఒప్పుకోవాలంతే." మనం ఎదురుపడ్డవాణ్ణి "భోంచేశారా?" అంటామా, "లేదండీ, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి" అని వాడంటే ఎలా ఉంటుంది? నేను చేసింది సరిగ్గా అదే. కేట్ ఫాక్స్ అనే ఆవిడ 2004లో 'వాచింగ్ ది ఇంగ్లిష్' అని పుస్తకం రాస్తూ ఈ ఒప్పుకోలుని ఒక నియమంగానే పెట్టింది. అంతకు చాలా ముందు, 1758లో, శామ్యూల్ జాన్సన్ 'ది ఐడ్లర్' వ్యాసాల్లో తనవాళ్ళ వాతావరణ కబుర్ల మీద ఒక వ్యాసం మొత్తం ఖర్చుపెట్టాడు. అంటే ఈ జబ్బు పాతదే.

మర్నాటి నుంచి బుద్ధి తెచ్చుకున్నాను. ఆయన "లవ్లీ" అంటే నేను "ఇంకా లవ్లీ" అన్నంత పనిచేసేవాణ్ణి. స్నేహం కుదిరింది. యార్క్‌షైర్ మనిషి కాబట్టి బాగా సంతోషంగా ఉన్న రోజు లవ్లీ కాదు, "గ్రాండ్" అనేవాడు. మనకి గ్రాండ్ అంటే పెళ్ళి. వెయ్యిమందికి భోజనాలు, తీరా చూస్తే నాలుగెకరాలు అమ్మకం. లేదా ఒంటినిండా జరీ ఉన్న చీర. ఆయనకి గ్రాండ్ అంటే గాలి లేకుండా, బట్టలు ఆరేలా, కాస్త ఎండ. వాలెస్ అండ్ గ్రోమిట్ బొమ్మల సినిమాల్లో మొదటిది, 1989లో వచ్చింది, దాని పేరులోనే 'గ్రాండ్ డే' ఉంది. మా మనవరాలు నాకు చూపించింది. సముద్రం దాటి ఐర్లండు వెళ్తే గ్రాండ్ ఇంకా తగ్గిపోతుందట. ఒంట్లో ఎలా ఉందంటే "గ్రాండ్" అంటారట, పర్లేదని. సన్నటి జల్లు పడుతుంటే "గ్రాండ్ సాఫ్ట్ డే" అంటారట. ఆ ఐరిష్‌వాళ్ళు నాకు నచ్చారు. మెత్తటి రోజు! జల్లుని మెత్తగా ఉందన్నవాడు మనకి దగ్గరవాడే.

ఆయన ఇంటి నడవాలో గోడకి ఒక బారోమీటరు ఉండేది. వాళ్ళ నాన్నదట. టిఫిను పళ్ళెమంత గుండ్రంగా, ఇత్తడి చట్రం, అద్దం మీద ఒక సన్నటి బీట. 28 దగ్గర స్టార్మీ, 29 దగ్గర రెయిన్, 29న్నర దగ్గర చేంజ్, 30 దగ్గర ఫెయిర్, 30న్నర దగ్గర సెట్ ఫెయిర్, 31 దగ్గర వెరీ డ్రై అని వంకీల అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ అంకెలు పాదరసం అంగుళాలు. రెండు ముళ్ళు. నల్లది గాలి ఒత్తిడితో తనంతట తను కదిలేది. ఇత్తడిది మనం తిప్పి పెట్టేది, రాత్రి నల్లముల్లు ఎక్కడుందో గుర్తుకోసం. పొద్దున్నే ఆయన వచ్చి వేలి కణుపుతో అద్దం మీద రెండుసార్లు తట్టేవాడు. ముల్లు ఉలిక్కిపడి అర వెంట్రుకంత జరిగేది. "ముల్లు ఎక్కడుందన్నది కాదు, ఎక్కుతోందా దిగుతోందా అన్నది చూడు" అని నాకు పాఠం. విశేషణాలతో నడిచే యంత్రాన్ని నేను చూడటం అదే మొదలు. అన్నిటికన్నా పైన వెరీ డ్రై! మా పల్నాట్లో ఆ మాట కరువు మండలాల జాబితాలో రాస్తారు.

ఆ డయలు మీది ఫెయిర్ చూడగానే నాకు రఫ్ నోట్సు, ఫెయిర్ నోట్సు గుర్తొచ్చాయి. పెళ్ళి ప్రకటనల్లో 'ఫెయిర్, స్లిమ్' గుర్తొచ్చింది. పాత ఇంగ్లీషులో ఆ మాటకి అందమైనది అని అర్థం. అక్కణ్ణుంచి ఆకాశానికీ, ఒంటి రంగుకీ, న్యాయానికీ పంచిపెట్టారు. లవ్లీ, ఫెయిర్ రెండూ వాళ్ళు ఆకాశాన్ని చూసి అనే మాటలు. ఆ రెంటినీ జతచేసి మనకి ట్యూబులో పెట్టి 1975 నుంచి అమ్మారు. 2020లో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు, లవ్లీ మిగిలింది. ఆ సంగతి కంచె మీంచి చెబితే పెద్దాయనకి ఎంతసేపటికీ బోధపడలేదు. ఎండలో నల్లబడటానికి వాళ్ళు డబ్బులు పెట్టి స్పెయిన్ వెళ్తారు మరి.

ఇక ఫైన్. దీనికో కథ ఉంది, కాస్త విషాదం కూడా. 1859 అక్టోబరులో రాయల్ చార్టర్ అనే ఓడ వేల్స్ తీరంలో తుపానుకి బద్దలై నాలుగు వందలమందికి పైగా పోయారు. అప్పటికి వాతావరణ శాఖ పెద్ద రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. డార్విన్‌ని బీగిల్ ఓడలో ఎక్కించుకుని ప్రపంచం చుట్టించిన కెప్టెన్ ఆయనే. ముందే చెప్పగలిగితే ప్రాణాలు దక్కేవి కదా అని పట్టుబట్టి తుపాను హెచ్చరికలు మొదలుపెట్టాడు. తర్వాత 1861 ఆగస్టు 1న టైమ్స్ పత్రికలో జనం కోసం మొదటి వాతావరణ సూచన వేయించాడు. దానికి ఫోర్‌కాస్ట్ అని పేరు పెట్టిందీ ఆయనే. ఉత్తరం, పడమర, దక్షిణం, మూడు ముక్కల్లో ఉందది. గాలి సంగతి తలా ఒక రకం. చివరి మాట మాత్రం మూడింటికీ ఒకటే, ఫైన్. తర్వాత్తర్వాత సూచనలు తప్పినప్పుడల్లా పత్రికలూ, పెద్దమనుషులూ ఎగతాళి చేశారు. 1865లో ఆయన తన ప్రాణం తనే తీసుకున్నాడు.

మనకి ఫైన్ అంటే జరిమానా. హెల్మెట్ లేకపోతే ఫైన్, లైబ్రరీ పుస్తకం ఆలస్యమైతే ఫైన్. రెండూ వేర్వేరు మాటలనుకునేవాణ్ణి. కాదు, రెంటికీ లాటిన్‌లో ఒకటే వేరు, ఫినిస్, అంటే అంతం. తగువు అంతం చెయ్యడానికి కట్టేది ఒక ఫైను. చివరిదాకా చెక్కి పూర్తిచేసినది రెండో ఫైను. ట్రాఫిక్ పోలీసుకి ఇది చెప్పి లాభం లేదు.

ఫిట్జ్‌రాయ్ పేరు ఇప్పటికీ రోజూ వినపడుతుంది. బీబీసీ రేడియోలో ఓడలవాళ్ళకి వాతావరణం చదువుతారు, సముద్రాన్ని 31 ముక్కలు చేసి. అందులో ఫినిస్టెర్ అనే ముక్క పేరు 2002లో ఫిట్జ్‌రాయ్ అని మార్చారు. అర్ధరాత్రి దాటాక నిద్ర పట్టక వినేవాణ్ణి. మంత్రపుష్పంలా ఉంటుంది, అర్థం కాకపోయినా హాయి. ఒకచోట "రెయిన్ లేటర్, గుడ్" అని వినపడింది. లేచి కూర్చున్నాను. వాన పడబోతుంటే గుడ్ అంటున్న ఇంగ్లీషువాడు! ఇంతకాలానికి దారికొచ్చారనుకున్నా. పొద్దున పెద్దాయన నవ్వాడు. ఆ గుడ్ వానకి కాదు, చూపుకి. ఐదు నాటికల్ మైళ్ళకి మించి కళ్ళకి ఆనితే గుడ్, రెండు నుంచి ఐదైతే మోడరేట్, అంతకన్నా తక్కువైతే పూర్, వెయ్యి మీటర్లు కూడా ఆనకపోతే వెరీ పూర్. ప్రతి మాటకీ ఒక కొలత. మెచ్చుకోలు మాటల్ని ఇంత కట్టుబాటులో పెట్టింది ఆ ఒక్క రేడియోలోనే. వీధిలోకొస్తే షరా మామూలే.

వీధిలోకొచ్చిన మాట ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో ఎవరాపగలరు? నైస్‌నే చూడండి. లాటిన్‌లో దాని మూలానికి ఏమీ తెలియనివాడని అర్థం. ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు బుద్ధిలేనిదని. ఆ తర్వాత నాజూకైనదనీ, సున్నితమైనదనీ మారుతూ చివరికి మంచిదిగా స్థిరపడింది. అన్నిటికీ నైస్ అంటున్నారని జేన్ ఆస్టిన్ 1817 చివర్లో అచ్చయిన 'నార్తాంగర్ ఆబీ'లో ఒక పాత్ర చేత వేళాకోళం ఆడించింది కూడా. మరి మనం ఏంచేశాం? పిండిమర దగ్గరికి వెళ్ళి "బియ్యం నైసుగా ఆడించు" అంటాం. వాళ్ళు ఎప్పుడో అరగదీసి పారేసిన సున్నితం అన్న అర్థం మన పిండిమర దగ్గర భద్రంగా ఉంది! ఇంకోటి, "వాడు ఆఫీసరుని నైస్ చేస్తున్నాడు" అంటాం. ఈ వాడుక ఏ ఇంగ్లీషు నిఘంటువులోనూ దొరకదు. పూర్తిగా మన సొంత ఆస్తి.

స్ప్లెండిడ్‌కి మెరిసేది అని మూలార్థం. మా ఊళ్ళో ఆ మాట పాఠంలో నేను చెబితే ఎవరికీ ఎక్కలేదు. 1994లో బండి మీద ఎక్కి వచ్చాక ప్రతివాడికీ నోరు తిరిగింది. స్ప్లెండర్ బండి వేసుకుని యూరియా బస్తా తెచ్చుకునే రైతుకి దాని లాటిన్ ధాతువుతో పనేముంది? గార్జియస్‌కి మెడ అనే పాత ఫ్రెంచి మాటతో చుట్టరికం ఉందంటారు, మెడలో అలంకారం మీదుగా వచ్చిందని. ఈ ఒక్క ముక్క చెప్పినప్పుడు మాత్రం మా ఆవిడ చేస్తున్న పని ఆపి విన్నది. "అయితే కాసులపేరు లేనిదే గార్జియస్ కాదన్నమాట" అని తేల్చింది. ఆ సంభాషణ అక్కడితో ఆపేశాను.

అన్నిటికన్నా నాకు సరదాగా తోచింది వేరే ఉంది. మన కుర్రాళ్ళు బాగుందనడానికి ఏమంటారు? చింపేశాడు, ఇరగదీశాడు, దున్నేశాడు, అదరగొట్టాడు. ఇదేం భాష, మెచ్చుకోవడమా, కూల్చడమా అని నాలాంటి ముసలి మేష్టర్లు విసుక్కుంటారు. కానీ వందేళ్ళ కిందటి ఇంగ్లీషు దొరబిడ్డలు బాగున్నదాన్ని 'రిప్పింగ్' అనేవాళ్ళు. రిప్పింగ్ అంటే ఏమిటండీ? చింపడమే. తర్వాతివాళ్ళు 'స్మాషింగ్' అన్నారు. అదేమిటి? పగలగొట్టడం, ఇరగదీయడం. ట్రెమెండస్ లాటిన్ మూలం తీస్తే వణుకు పుట్టించేది, అదిరేలా చేసేది. అంటే అదుర్స్! టెరిఫిక్ అంటే మొదట భయంకరం. ఆసమ్, ఆఫుల్ రెండూ భయభక్తుల కడుపున పుట్టిన కవలలు, ఒకడు బాగుపడ్డాడు, ఒకడు చెడిపోయాడు. మన ఆలంకారికులు భయానకాన్ని ఒక గదిలో, అద్భుతాన్ని ఇంకో గదిలో పెట్టి తలుపేశారు గానీ, మనుషుల నోళ్ళలో ఆ రెండు గదులకీ మధ్య గోడ ఎప్పుడూ లేదు. ఇది తెలిశాక మా వీధి కుర్రాళ్ళని విసుక్కోవడం మానేశాను. "దారుణంగా నచ్చింది సార్" అంటే కూడా తలూపుతున్నాను.

అయినా ఒక్కోసారి దెబ్బ తగులుతుంది. మా ఆవిడ రెండు రోజులు కష్టపడి మనవరాలికి సున్నుండలు చేసింది. పిల్ల ఒకటి నోట్లో వేసుకుని "అమ్మమ్మా, దిసీజ్ సిక్!" అంది. మా ఆవిడకి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. గభాలున పిల్ల నుదురు పట్టుకుని చూసింది, నెయ్యి వాసన చూసింది, డబ్బా తీసుకుని చెత్తబుట్ట దాకా వెళ్ళింది. పదమూడేళ్ళ పిల్లకి సిక్ అంటే అమోఘం అని తెలిసేసరికి మా ఇద్దరికీ నీరసం వచ్చింది. ఆ పిల్లే పెద్దయ్యాక దాని పిల్లలు ఏమంటారో, కుళ్ళింది అంటారో ఏమో.

ఇక అసలు చిక్కు వాతావరణంతో. వార్మ్ వెల్కమ్ అంటారు వాళ్ళు. ఏప్రిల్ నెల్లో మా స్కూలు వార్షికోత్సవం, షామియానా కింద ముఖ్య అతిథి మెడలో తడిసిన దండ, చెమట కారుతుంటే నేను మైకులో ఆయనకి 'వార్మ్ వెల్కమ్' చెప్పాను. ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. మనకి ప్రేమ చల్లగా ఉంటుంది. చల్లని తల్లి, చల్లని చూపు, చల్లటి కబురు. నీ కడుపు చల్లగా ఉండాలని దీవిస్తాం. ఇంగ్లీషులో చల్లటి చూపు చూస్తే స్నేహం తెగిపోయినట్టే. అక్కడ వరసగా మూడు రోజులు 25 నుంచి 28 దాకా, జిల్లాని బట్టి, ఎక్కితే దాన్ని వడగాడ్పుల కింద లెక్కేస్తారు. మన మైదానాల్లో 40 చేరందే ఆ లెక్కే మొదలుపెట్టరు. 2022 జూలై 19న వాళ్ళ కోనింగ్స్‌బీలో 40.3 వచ్చింది, ఆ దేశంలో నలభై దాటడం అదే మొదటిసారి. ఆ రోజు మాత్రం కంచె మీంచి లవ్లీ వినపడలేదని మా అమ్మాయి చెప్పింది.

నాకు బాగున్న రోజు ఒకటి వచ్చింది జూన్‌లో. మబ్బు పట్టింది, చల్లటి గాలి, సన్నగా తుంపర. ప్రాణం లేచొచ్చింది. కంచె దగ్గరికి పరుగెత్తి "వాట్ ఏ నైస్ క్లైమేట్!" అన్నాను. మన ఊళ్ళో అందరం అనేదే కదా, క్లైమేట్ బాగుంది, బజ్జీలు వేయించండి అని. పెద్దాయన గంభీరంగా మారిపోయి మంచుకొండలు కరగడం, సముద్రాలు పొంగడం గురించి పావుగంట మాట్లాడాడు. క్లైమేట్ అంటే ముప్ఫై ఏళ్ళ సరాసరి అని తర్వాత గుర్తొచ్చింది. బజ్జీల మూడ్ పోయింది.

కొన్ని మాటలు మాత్రం ఆయన నోట వింటుంటే ముచ్చటేసేది. సెప్టెంబరులో ఒక పొద్దున "క్రిస్ప్" అన్నాడు. పెనం మీంచి తీసిన దోశ లాంటి రోజన్నమాట. అడుగేస్తే ఆకులు నిజంగానే కరకరమన్నాయి. ఇంకోటి సెరీన్. లాటిన్‌లో అది అసలు ఆకాశం మాటే, మబ్బు లేనిదని. తర్వాత మనసుకి పాకింది. సంస్కృతంలో ప్రసన్నం కూడా అంతే, తేరిన నీళ్ళకీ అదే మాట, తేరిన మనసుకీ అదే. వాళ్ళు పైకి చూసి చెప్పినదాన్ని మనవాళ్ళు చెరువులోకి చూసి చెప్పారు.

ఆగస్టులో ఒక సాయంత్రం గాలి గోరువెచ్చగా, గడ్డి కోసిన వాసనతో వస్తుంటే "బామీ ఈవెనింగ్" అన్నాడు. బామా? లోపలికి వెళ్ళి మా ఆవిడ సంచీలోంచి అమృతాంజనం సీసా తెచ్చి చూపించాను. ఆ బాముకీ ఈ బాముకీ మాట ఒకటే, చెట్ల నుంచి కారే సువాసన బంక దాని పుట్టిల్లు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన సరుకనీ, ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిపారనీ నాకు తెలిసినంత చెప్పాను. ఆయన మూత తీసి, కాస్త కణతలకి రాసుకుని, కళ్ళు మూసుకుని, ఏమన్నాడో చెప్పమంటారా? "నాట్ బ్యాడ్." ఐదు నెలల్లో ఆయన నోటి నుంచి నేను విన్న పెద్ద మెచ్చుకోలు అదే.

అప్పుడే అడిగాడు, మీ భాషలో ఈ సాయంత్రాన్ని ఏమంటారని. చిక్కులో పడ్డాను. మనకి విశేషణాలు తక్కువ, సరుకంతా పేర్లలోనే దాచాం. వాళ్ళకి ఎండ అంటే సన్‌షైన్ ఒకటే, దానికి ముందు గ్లోరియస్ అనో, పేల్ అనో, మెలో అనో ఒకటి తగిలించుకోవాలి. మనకి లేయెండ వేరు, నీరెండ వేరు, మిట్టమధ్యాహ్నపు ఎండ వేరు. గాలి కూడా అంతే. పైరగాలి అంటే చాలు, చల్లగా ఉందని మళ్ళీ చెప్పక్కర్లేదు. వడగాలి అంటే పారిపోవడానికి ఇంకో మాట అక్కర్లేదు. ముసురు అన్నామంటే మూడు రోజుల బురద, ఆరని బట్టలు, పొయ్యి దగ్గర చేరిన పిల్లలు అన్నీ వచ్చేశాయి. నీరెండ అని చెప్పాను. నీళ్ళ ఎండ అని విడమరిచాను. "ఎండలో నీళ్ళెందుకు?" అన్నాడు. నాకూ జవాబు దొరకలేదు. ఎండా వానా కలిసొస్తే కుక్కకీ నక్కకీ పెళ్ళంటామని ఇంకో ముక్క చెప్పబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

ఆగండి, ఏదో చప్పుడు. వినుకొండ వైపు చూశారా? నల్లగా కమ్ముకొస్తోంది. దండెం మీద బట్టలు తీయమని మా ఆవిడ కేకేస్తోంది. ఈలోగా మా అమ్మాయి మెసేజి, "పక్కింటాయన మీ దగ్గర ఎలా ఉందని అడుగుతున్నాడు నాన్నా" అని.

"రెయిన్ లేటర్, గుడ్" అని కొట్టాను. ఆ గుడ్ కళ్ళకి ఎంత దూరం ఆనుతోందన్న లెక్క కాదని కూడా చెప్పమన్నాను. గుమ్మంలో చెప్పులు లోపల పెట్టుకోండి, తడుస్తాయి.